శకుంతలక్క ఏమిచ్చినా పుచ్చుకోదు

శకుంతలక్కకి ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకునే అలవాటు లేదు. టీ పుచ్చుకోదు. మజ్జిగ పుచ్చుకోదు. బస్సులో లేచి సీటిస్తే కూర్చోదు. వానలో గొడుగు కిందికి రమ్మంటే రాదు. ఒకసారి చిత్తూరు బజారులో ఆమె చెప్పు తెగింది. చెప్పులు కుట్టే పెద్దాయన, "రామ్మా, ఒక కుట్టే గదా, ఊరికే ఏసిస్తా" అన్నాడు. ఊరికే అన్న మాట చెవిన పడగానే అక్క రెండో చెప్పు కూడా విప్పి చేత్తో పట్టుకుని, మే నెల ఎండలో, కాలే తారు మీద ఇంటిదాకా నడిచింది.

నేను ఆమెతో పదకొండేళ్లు పనిచేశాను. ఆ పదకొండేళ్లలో నా దగ్గర్నుంచి ఆమెకి చేరింది ఒక్కటే, నా జలుబు. "అది నువ్విచ్చింది కాదులే హేమా, దానంతటదే వచ్చింది" అని దానికి కూడా నాకు పేరు రానివ్వలేదు.

మా ఇద్దరిదీ చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఇప్పుడు నేను తిరుపతిలో వేరే ఉద్యోగం చేస్తున్నాను గానీ, జూన్ నెలలో ఆ దారిన బస్సులో పోతే కిటికీలోంచి వచ్చే తోతాపురి వాసనకి ఇప్పటికీ దిగిపోవాలనిపిస్తుంది. నేను ల్యాబులో గుజ్జు తీపీ పులుపూ కొలిచేదాన్ని. అక్క కోల్డ్ రూము సూపర్వైజరు. లోపల చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. మేము అయిదు నిమిషాలుంటే ముక్కు ఊడి చేతికొచ్చినట్టుండేది. అక్క కోటు వేసుకుని లోపలికి పోతే నలభై నిమిషాలకి, కనుబొమలు తెల్లగా నెరిసి, ముసలమ్మలా బయటికొచ్చేది.

"ఎట్టుండాదక్కా లోపల?"

"బాగుండాది. ఎవురూ పలకరించరు."

కోల్డ్ రూముతో పాటు ఆమె దగ్గర ఇంకో పని ఉండేది. మరుసటి రోజు ఏ కూలి ఆడవాళ్లు పనికి రావాలో పేర్లు పుస్తకంలో రాయడం. కాయలు కడగడం, తోలు తీయడం, టెంకలు ఏరడం లాంటి పనులకి చుట్టుపక్కల పల్లెల నుంచి నలభై మంది వచ్చేవాళ్లు.

నేను చేరిన మొదటి మూడేళ్లూ అక్క కారణం చెప్పేది కాదు. ఎవరేమిచ్చినా "వద్దు" అనేది, అంతే. ఆ మాట కొందరికి గుచ్చుకునేది. తోలు తీసే అమల ఒకరోజు ఇంటి నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చింది. అక్క వద్దంది. అమల కొళాయి దగ్గర చెంబు కడుగుతూ, నాకు వినపడేట్టు, "మా చేతి నీళ్లు తాగదేమోలే" అంది. నేను వెనక్కి తిరిగి చూస్తే అక్క నిలబడి ఉంది. వినిందో లేదో తెలియదు. ఆ రోజంతా కోల్డ్ రూములోంచి బయటికే రాలేదు.

తర్వాత వారమో పది రోజులో అయ్యాక, 2015లో, భోజనాల దగ్గర నా ఫోనులో ఒక వీడియో వచ్చింది. ఎవరో ఒకావిడ ఒంటరిగా, నడుముకి తాడుతో చక్రాల్లేని బండి కట్టుకుని, మంచులో లాక్కుంటూ నడుస్తోంది. కనుచూపు మేర తెలుపు తప్ప ఇంకేమీ లేదు. అక్క నా భుజం మీదుగా తొంగి చూసింది.

"యాడికి పోతా ఉండాదే ఆయమ్మ?"

"దక్షిణ ధ్రువానికక్కా. భూమికి అడుగున."

"తోడెవురూ లేరా?"

"లేరు. కూడు, గుడారం, పొయ్యి అన్నీ ఆ బండిలోనే. ఎవరి సాయమూ తీసుకోకూడదంట. దారిలో ఎవరన్నా గ్లాసు టీ ఇచ్చినా తాగకూడదు. తాగితే 'సాయం లేకుండా నడిచింది' అనే పేరు పోతుందంట."

ముద్ద పట్టుకున్న అక్క చెయ్యి సగంలో ఆగిపోయింది.

"టీ ఇచ్చినా తాగకూడదా?"

"తాగకూడదు."

"రూలా?"

"రూలే."

"నీళ్లు?"

"నీళ్లు కూడా."

"అబ్బ!" అంది అక్క. పోయిన నగ దొరికినట్టు వెలిగిపోయింది ఆమె మొహం. "ఎంత మంచి రూలే!"

మరుసటి రోజు మా మేనేజరు మునికుమార్ గారు కొడుకు పుట్టినరోజని అందరికీ కాఫీ, కేకు తెప్పించారు. అక్క వంతు వచ్చింది. నలభై మంది ఎదురుగా లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"సార్, తప్పుగా అనుకోవద్దండి. నేను ధ్రువానికి పోతా ఉండాను. సపోర్టు తీసుకోకూడదు."

"ఎప్పుడు పోతావమ్మా?"

"ఇంకా తెలీదు సార్. ఇప్పట్నించే అలవాటు కావల్ల."

షెడ్డు రేకులు ఎగిరేట్టు నవ్వారు అందరూ. ఆ మధ్యాహ్నం అమల ఊరిబిండి పచ్చడి తెచ్చింది. అక్క అదే మాట చెప్పింది. "సపోర్టు మే! తింటే నా ధ్రువం పోతాది." అమల పడీ పడీ నవ్వి, ఆ ఊరిబిండి తనే తినేసింది.

అప్పట్నించి ఆ మాట మా ఫ్యాక్టరీలో ఊతపదమైంది. ఎవరికైనా పెన్ను కావాలంటే "సపోర్టు ఇస్తావా?" అని అడిగేవాళ్లు. అక్క మాత్రం ఆడి తప్పలేదు. చెల్లెలి కూతురి పెళ్లిలో తన విస్తరి, తన కూడు, తన నీళ్ల బాటిలు తీసుకుపోయింది. కాణిపాకంలో ప్రసాదం చేతిలో పెడితే కళ్లకద్దుకుని పక్కావిడ చేతిలో పెట్టింది. "స్వామికి తెలుసులే" అంది.

ఒకరోజు నేను పట్టుకున్నాను. "అక్కా, ఇంట్లో వంట చేసేది వరదయ్య బావ గదా. అది సపోర్టు కాదా?"

అక్క భర్త వరదయ్య బావ టిఫిను బండి నడిపేవాడు. మాట మెత్తన, ఇడ్లీ అంతకన్నా మెత్తన. ఇంట్లో గరిటె ఆయన చేతిలోనే ఉండేది.

అక్క చెప్పింది. "మొగుడు సామాను కిందికొస్తాడే. బండిలో పొయ్యి ఉండొచ్చు గదా, అట్ట."

ఈ మాట వరదయ్య బావకి చేరింది. ఆయన పెద్ద గౌరవం దక్కినట్టు బండి దగ్గరికొచ్చిన అందరికీ చెప్పుకున్నాడు.

ఆమె నిజంగా పోతుందని మేమెవరం అనుకోలేదు. ఆమె అనుకుందో లేదో కూడా నాకు అనుమానమే. రూలు దొరికింది, అది చాలన్నట్టుండేది. ఆ తృప్తిని ఐనమ్మ వచ్చి చెడగొట్టింది.

ఐనమ్మ అంటే, మా గుజ్జు కొనే కంపెనీ తరఫున ఏడాదికోసారి ఫిన్లాండు నుంచి తనిఖీకి వచ్చే దొరసాని. అసలు పేరు ఐనో. తోలు తీసే వాళ్లలో పెద్దావిడ ఆనందమ్మ నోట్లో పడి ఐనమ్మ అయింది. 2018 జూన్‌లో ఆవిడ అక్కతో కలిసి కోల్డ్ రూములోకి పోయి, అరగంట తర్వాత పగలబడి నవ్వుతూ బయటికొచ్చింది. మునికుమార్ గారు మధ్యలో నిలబడి ఇద్దరి మాటలూ తిప్పి చెప్పారు.

"ధ్రువానికి పోతానన్నావంట గదా. అంత దూరం ఎందుకు అంటోంది. వాళ్ల దేశంలో ఉత్తరాన, ధ్రువ వలయానికి పైన, మార్చిలో ఒక నడక జరుగుతుందంట. రెండు వందల కిలోమీటర్లు. మంచులో, ఒక్కరే, బండి లాక్కుంటూ. ఎనిమిది రోజుల్లో చేరాలంట."

అక్క అడిగిన మొదటి ప్రశ్న, "టీ ఇస్తారా?"

"సాయం లేని వరసలో నడిస్తే ఇవ్వరంట."

"అయితే రాయమనండి సార్ నా పేరు."

అప్పటికి ఆమె వయసు యాభై నాలుగు. అప్పటిదాకా తిరుపతి దాటి ఆమె చూసింది రేణిగుంట ఒక్కటే.

మంచులో బండి లాగాలంటే ముందు టైరు లాగి నడుముకి అలవాటు చెయ్యాలని ఐనమ్మ చెప్పింది. వరదయ్య బావ ఎక్కణ్నించో పాత ట్రాక్టరు టైరు పట్టుకొచ్చాడు. రోజూ తెల్లవారి ఆరింటికి హైవే పక్క రోడ్డు మీద అక్క నడుముకి తాడు కట్టుకుని ఆ టైరు ఈడ్చేది. కానీ నడివయసు ఆడమనిషి టైరు ఈడ్చుకుంటూ పోతుంటే చూసి ఊరుకునే మనుషులు కాదు మా జిల్లా వాళ్లు.

"పంచరా అమ్మా?"

"బండి యాడుండాది?"

"మీ ఆయన ఏమైనాడు, నువ్వెందుకు మోస్తా ఉండావు?"

"మెకానిక్కు షాపు ఈడేనమ్మా, ఉండు నేను దొర్లిస్తా."

ఒక ఆటో అతనైతే దిగి, టైరు ఎత్తి, వెనక సీటులో పెట్టేశాడు కూడా. "వద్దు నాయనా, సపోర్టు" అని అక్క ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ, లాగడం కన్నా వద్దనడానికే ఎక్కువ ఆయాసపడేది.

ఒక ఆదివారం నేను మూడో కిలోమీటరు రాయి దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. ఎప్పుడూ గంట పట్టే దూరం నలభై నిమిషాల్లో వచ్చేసింది. దూరం నుంచే అరిచింది. "హేమా! అలవాటైపోయిందే! ఈ పొద్దు టైరు దూది మాదిరి వస్తా ఉండాది!"

నాకు ఆమె వెనక కనపడుతోంది. పాలు పోసే చిన్నబ్బ తాత, డెబ్బై ఏళ్లవాడు, నడుం వంచి, టైరు వెనక అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వస్తున్నాడు.

"తాతా! యాన్నించి పట్టుకోనుండావు?"

"గుడి కాన్నించి తల్లీ. ఆడబిడ్డ ఒకటే ఈడ్సుకుంటా పోతా ఉంటే సూడలేకపోయినా. పిలిస్తే వద్దంటాదని పలకలేదు."

అక్క వెనక్కి తిరిగి తాతని చూసింది, టైరుని చూసింది, ఆ టైరు మీదే కూలబడి కళ్ల నీళ్లొచ్చేట్టు నవ్వింది. తర్వాత లేచి, తాడు బిగించుకుని, మళ్లీ గుడి దగ్గర్నుంచి మొదలుపెట్టడానికి వెనక్కి నడిచింది.

"ఈ తూరి ముట్టుకోవద్దు తాతా."

"ముట్టుకోనులే. ఊరికే పక్కన వస్తా."

మెట్ల మీద టైరు కుదరదు గనక శనివారాలు అలిపిరి నుంచి కొండ ఎక్కేది, వీపుకి పదిహేను కేజీల బియ్యం మూట కట్టుకుని. ఒకసారి నేనూ వెంట పోయాను. గోవింద కొడుతూ ఎక్కే జనం ఈ మూట చూసి దారి ఇచ్చేవాళ్లు. గాలిగోపురం దగ్గర ఒక కుటుంబం మొత్తం ఆమె కాళ్లకి దండం పెట్టింది. ఆ ఇంటి పెద్దాయన అడిగాడు. "ఏం మొక్కు తల్లీ, ఇంత బరువు?"

"ఫిన్లాండు" అంది అక్క ఊపిరి తీసుకుంటూ.

"ఆ స్వామి యాడుండాడమ్మా?"

"ఉత్తరాన. మంచులో."

"హిమాలయాల్లోనా! గోవిందా!" అని ఆయన మళ్లీ వంగాడు.

2019 ఫిబ్రవరి ఆఖర్లో, పీఎఫ్ డబ్బుతో టికెట్టు కొనుక్కుని అక్క చెన్నై వెళ్లి విమానమెక్కింది. కోట్లూ బండీ అక్కడే అద్దెకి ఏర్పాటు చేసింది ఐనమ్మ. ఇక్కణ్నించి అక్క మోసుకుపోయింది రాగిపిండి, బెల్లం, శనక్కాయ పొడి.

నడిచేవాళ్ల మెడలో చిన్న పెట్టె లాంటిది కడతారు. వాళ్లెక్కడున్నారో అది చెబుతుంది. నా ఫోనులో తెల్లటి పటం మీద అక్క ఒక ఎర్ర చుక్క. రోజూ భోజనాల వేళకి ఆడవాళ్లంతా నా చుట్టూ మూగేవాళ్లు. వరదయ్య బావ టిఫిను బండి కట్టేసి వచ్చేసేవాడు.

"కదిలిందా?"

"కదిలింది బావా. నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత దూరం."

"అర్ధంగుళమే గదా!"

"అది ఇరవై ఆరు కిలోమీటర్లు."

అక్క లేని ఆ ఇరవై రోజులకి పేర్ల పుస్తకం ప్యాకింగు సెక్షను చెంగల్రాయుడి చేతికి వచ్చింది. మంచివాడు, మొహమాటస్తుడు. అది మామిడి కాదు, జామకాయల కాలం. నలభై మందిలో పదిహేను మందికే పని. రెండో రోజుకి చెంగల్రాయుడి బల్ల మీద చింతపండు ఉండ ఒకటి కనపడింది. నాలుగో రోజుకి గుమ్మడికాయ. పన్నెండో రోజు మధ్యాహ్నం ల్యాబు తలుపు తోసుకుని, చంకలో కోడిపెట్టతో వచ్చాడు.

"హేమమ్మా, సాయంత్రం దాకా దీన్ని ఈడ కట్టేసుకుంటావా?"

"ఎవరిచ్చినారు?"

"నేను అడగలేదప్పా! వాళ్లే తెస్తా ఉండారు. వద్దంటే మొగం సిన్నబుచ్చుకుంటారు. నేనేం జేసేది?"

కోడి గుజ్జు శాంపిళ్ల బల్ల కింద చేరి మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆ రోజు ల్యాబులోనే అందరం భోజనానికి కూర్చుంటే అమల కనపడలేదు. మూడు రోజులుగా కనపడటం లేదని అప్పుడు తట్టింది.

"ఆనందమ్మా, అమలకి ఒంట్లో బాలేదా?"

ఆనందమ్మ ముద్ద మింగి, బల్ల కింద కోడి వైపు చూసింది. "బాగానే ఉండాది. ఇచ్చేదానికి అమల దగ్గర ఏముండాది తల్లీ? పుస్తకంలో పేరు రాలేదు."

ఆనందమ్మ గొంతు తగ్గించింది.

"ఇంతకు ముందు సూపర్వైజరు కాలంలోనూ ఇట్టనే. శకుంతలమ్మ అప్పుడు మాతో తోలు తీస్తా ఉండింది. ఇంట్లో ఒకటే పెట్ట. దాని గుడ్లు అమ్మి ఉప్పూ పప్పూ తెచ్చుకునేది. దాన్ని పట్టుకోని పోయి ఆయనకి ఇచ్చేసింది, పని కోసరం. పుస్తకం తన చేతికొచ్చిన రోజు నాతో అనింది. 'ఆనందమ్మా, నేను ఒకరి దగ్గర తింటే, తెచ్చేదానికి లేనోళ్లు నా మొగం సూడలేరు. ఎవురి దగ్గరా తినను' అని."

"ఆ మాటే అందరికీ చెప్పొచ్చు గదా?"

"ఎట్ట చెప్తాది? ప్రేమతో తెచ్చేవాళ్లూ ఉంటారు, భయంతో తెచ్చేవాళ్లూ ఉంటారు. 'నువ్వు తెచ్చింది లంచం మాదిరుండాది' అని పెట్టే మనిషిని అనొచ్చునా? ఊరికే వద్దంటేనేమో, మా కులం చూసి వద్దంటా ఉందని అమల మాదిరి బాధపడతారు. పాపం, దారి లేక నాలుగేళ్ల నుంచి ఆ ధ్రువం పట్టుకోని యేలాడతా ఉండాది."

నాలుగేళ్లుగా నేను నవ్విన నవ్వులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక సాకు కోసం మనిషి అంత దూరం నడిచిపోతుందా అని నేను ఫోను తీశాను. సరిగ్గా అప్పుడే భుజం మీదుగా వరదయ్య బావ కేక పెట్టాడు.

"హేమా! చుక్క ఎనక్కి పోతా ఉండాది!"

నిజమే. అది నడకలో ఆరో రోజు. ఎర్ర చుక్క పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు ముందుకి పోయి, ఇప్పుడు వచ్చిన దారినే తిరిగొస్తోంది.

"ఏమన్నా మర్సిపోయిందేమో" అన్నాడు బావ. ఎవరమూ నవ్వలేదు.

చుక్క అలా వెనక్కి పోయి ఒకచోట ఆగిపోయింది. నేను ఫోను చార్జింగులో పెట్టి, కొలవాల్సిన గుజ్జు కొలవకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం షిఫ్టు అయ్యేదాకా అది కదల్లేదు. బావ గేటు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆనందమ్మ పోయి ఆయన పక్కన కూర్చుంది. మరుసటి రోజు మధ్యాహ్నం చూస్తే ఎర్ర చుక్క పక్కన ఇంకో నీలం చుక్క ఉంది. రెండూ ఒకదాని వెనక ఒకటి ముందుకి పోతున్నాయి. ఎనిమిదో రోజు, గడువుకి రెండు గంటల ముందు, రెండూ గీత దాటాయి. ఆడవాళ్లు అరిచిన అరుపులకి, చెంగల్రాయుడు ఇంకా పట్టుకుపోని కోడి బల్ల కింద తాడు తెంపుకుంది.

మునికుమార్ గారు గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. "ఏ సాయమూ లేకుండా ధ్రువ వలయం నడిచిన మా శకుంతలమ్మకు స్వాగతం." అక్క వచ్చింది. ముక్కు మీద తోలు లేచిపోయింది, మొహం కాలిన దోసెలా ఉంది. ఫ్లెక్సీ చదివి, "సార్, మొదటి మూడు మాటలూ తీసెయ్యల్ల" అంది.

"ఎందుకమ్మా?"

"ఒక చాక్లెట్టు తిన్నా సార్."

భోజనాల దగ్గర చెప్పింది సంగతి. పోలండు పిల్లంట, ఇరవై మూడేళ్లది, అది కూడా సాయం లేని వరసలోనే నడుస్తోంది. ఆరో రోజు పొద్దున దాని గుడారం పక్క నుంచి అక్క దాటిపోయింది.

"నాలుగు కిలోమీటర్లు పోయినాక మనసులో పీకింది. ఆ గుడారంలోంచి పొగ రాలేదే అని. ఆడ నీళ్లు కావల్లంటే మంచు కరిగించుకోవల్ల. పొయ్యి లేకుంటే నీళ్లు లేవు. ఎనక్కి పోయినా. పొయ్యి చెడిపోయి, చేతులు కొంకర్లు పోయి, ఎవరినన్నా పిలిస్తే నడక పోతాదని ఏడుస్తా కూర్చోనుండాది పిచ్చిది."

"మరి?"

"నా పొయ్యి మీద రాగిజావ కాసి ఇచ్చినా. తాగనంటాది. సపోర్టంట!"

అందరం గొల్లుమన్నాం. అక్క కూడా నవ్వింది.

"అప్పుడు తెలిసిందే హేమా, మీకందరికీ నాతో ఎంత కష్టంగా ఉండిందో. తిట్టి తాగిచ్చినా."

"ఏ భాషలో తిట్టినావక్కా?"

"తెలుగులోనే. ఆ చలిలో బాగా అర్థమైతాది. తాగింది గానీ తల ఎత్తదు. నాకు తెలుసు ఆ తల వంచుకోవడం. దాని పేరు పోయింది, నాది ఉండాది. ఇద్దరం ఒకే దోవలో ఎట్ట నడిచేది? దాని జేబులో చాక్లెట్టు ముక్క కనపడింది. నేనే లాక్కోని నోట్లో ఏసుకున్నా. 'ఇంక ఇద్దరిదీ పోయింది. లెయ్, నడుస్తాం' అన్నా. ఏడుస్తా నవ్వింది. నవ్వుతా లేసింది."

చేరినాక అక్కడివాళ్లు అడిగారంట, ఏమైనా సాయం తీసుకున్నావా అని. అక్క తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి "యెస్. వన్ చాక్లెట్. వెరీ గుడ్" అందంట. ఇద్దరి పేర్లూ సాయం తీసుకున్న వాళ్ల పట్టీలో పక్కపక్కన రాశారు. మునికుమార్ గారు ఫ్లెక్సీ మీద ఆ మాటల చోట తెల్ల కాగితం అంటించారు. గాలొచ్చినప్పుడల్లా అది లేచి, అక్క రికార్డు వచ్చీ పోతూ ఉండేది.

కోడి సంగతి నేనే అక్క చెవిన వేశాను. ఆమె నేరుగా మేనేజరు గదిలోకి పోయింది. ఆ వారం నుంచి పుస్తకంలో పేర్లు వరసగా, నలభై అయ్యాక తిరిగి మొదటి నుంచి. ఎవరి ఇష్టంతోనూ పని లేదు. అందరికన్నా ఎక్కువ సంతోషించింది చెంగల్రాయుడు. "అబ్బ, ఇంక కోళ్లని మేపే పని తప్పింది" అన్నాడు.

"ఇంకనన్నా నా టీ తాగక్కా. రికార్డు ఎట్టా పోయింది" అన్నాను నేను.

"పుస్తకం నా చేతిలోనే ఉండాది గదే" అంది మెల్లగా. నేను ఆమె మొహంలోకి చూశాను. నాకు తెలుసని ఆమెకి తెలిసింది. మళ్లీ ఆ మాట మేమెప్పుడూ ఎత్తలేదు.

2023 జూన్ ఆఖరి రోజు అక్క రిటైరయింది. నాలుగున్నరకే సభ పెట్టారు. మునికుమార్ గారు శాలువా పట్టుకుని నిలబడ్డారు. అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం చూస్తూ, "అయిదు కానీండి సార్" అంది. అరగంట పాటు శాలువా పట్టుకుని ఆయనా, దండ పట్టుకుని ఆనందమ్మా, కేకు పట్టుకుని నేనూ అలాగే నిలబడ్డాం. అయిదు కొట్టింది. అక్క లేచి పేర్ల పుస్తకం చెంగల్రాయుడి చేతిలో పెట్టింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంక తెండి. ఏమేం ఉండాయో అన్నీ తెండి."

ఆ సాయంత్రం ఆమె నాలుగు కప్పుల టీ తాగింది. శాలువా కప్పుకుని, దాని మీద దండ వేసుకుని, కేకు తింటూ, అమల సంచీ లాక్కుని అందులో ఏముందో వెతికింది. "ఏందే, ఖాళీ గిన్నె? రేపు మీ ఇంటికే వస్తా ఉండా. చేపల పులుసు చెయ్."

అన్నట్టే పోయింది. అమల ఇంట్లో మొదలుపెట్టి, నలభై ఇళ్లూ, పుస్తకంలో పేర్ల వరస తప్పకుండా, రెండు నెలల్లో తిరిగింది. ఎవరింట్లోనూ కడుపు నిండింది అనలేదు. వరదయ్య బావ ఒక్కడే దిగులుపడ్డాడు. "నా ఇడ్లీ ముట్టడం లేదు హేమా" అని నాకు ఫోన్ చేశాడు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు ఆమె రెండో చుట్టు తిరుగుతోందని ఆనందమ్మ చెప్పింది. మొదటి చుట్టు చివర మా ఇంటికీ వచ్చింది గానీ, ఇప్పుడు తిరుపతిలో ఉన్నందుకు ఈ చుట్టు తప్పించుకున్నానని అనుకున్నాను. మొన్న శుక్రవారం ఫోన్ మోగింది.

"హేమా, ఆదివారం వస్తా ఉండా. పితికిపప్పు చెయ్. సంగటి మెత్తగా ఉండల్ల. బస్టాండుకి స్కూటీ తీసుకోని రా, నేను నడవలేను."

"సరే అక్కా."

"పోయిన తూరి నీ చారులో ఉప్పు తక్కువైంది. ఈ తూరి చూసుకోని ఏసుకో."